అనంతపురం హాస్టల్ కిటికీలు: అల్యూమినియం ఎక్కడ వేశాం, ఎక్కడ వద్దన్నాం

అనంతపురం ఊరి చివర ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టల్ ఇది. 1990ల మొదట్లో కట్టిన బిల్డింగు, కింద ఒక అంతస్తు, పైన ఒకటి. గోడలకు ఢోకా లేదు, స్లాబుకూ లేదు. పోయిందల్లా కిటికీలు. పడమటి వైపు ఇనుప కిటికీలు కింది పట్టీ దగ్గర తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. వెనక వైపు నాసిరకం చెక్క కిటికీలను చెదలు తినేశాయి. ముందు వరండాలో ఉన్న 14 టేకు కిటికీలు మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా బిగువుగానే ఉన్నాయి. వెనక వంటశాల, భోజనాల షెడ్డు మీద పాత సిమెంటు రేకులు, అంటే ఆస్‌బెస్టాస్.

కిటికీలు మార్చే డిజైన్ పని మాకు అప్పజెబుతూ ట్రస్టు వాళ్లు సూటిగానే చెప్పారు. "అన్నీ అల్యూమినియం వేసేయండి సార్. పెయింటు బాధ ఉండదు. పర్యావరణానికి కూడా మంచిదంట కదా!"

ఆ మాట ఒక సప్లయర్ బ్రోచర్‌లోంచి వచ్చింది. పచ్చని ఆకు బొమ్మ పక్కన 'నూటికి నూరు శాతం రీసైకిల్ చేయవచ్చు' అని అచ్చేశారు. చేయవచ్చు, నిజమే. అలా చేసిన లోహాన్నే మీకు అమ్ముతున్నామని మాత్రం అందులో ఎక్కడా లేదు. మా డిజైన్ నిర్ణయాలన్నీ దాదాపు ఈ తేడా చుట్టూనే తిరిగాయి.

ముందు లోహం లెక్క

మార్చాల్సినవి 48 కిటికీలు. ఎక్కువ భాగం నాలుగడుగులకు నాలుగడుగులు. దోమల జాలి రెక్కతో కలిపి అలాంటి స్లైడింగ్ కిటికీకి సుమారు ఏడున్నర కిలోల అల్యూమినియం పడుతుంది. మొత్తం 360 కిలోలు అనుకుందాం.

అల్యూమినియం మట్టిలో లోహంగా దొరకదు. బాక్సైట్ తవ్వి, దాన్ని శుద్ధి చేసి అల్యూమినా పొడి తీసి, ఆ పొడిని కరిగించిన క్రయోలైట్ అనే ఖనిజంలో వేసి కరెంటు పంపితే లోహం విడిపోతుంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టిన పద్ధతే ఈ రోజుకీ నడుస్తోంది. కిలో లోహానికి దాదాపు 14 యూనిట్ల కరెంటు తాగుతుంది. మా 360 కిలోలకు అయిదు వేల యూనిట్ల పైమాటే. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి అది రెండున్నరేళ్లు దాటి వస్తుంది.

ఆ కరెంటు ఎక్కడిది అన్నదే అసలు సంగతి. మన దేశంలో అల్యూమినియం స్మెల్టర్లు, అంటే ఇలా లోహం తీసే కర్మాగారాలు, చాలా వరకు సొంత బొగ్గు ప్లాంట్ల మీద నడుస్తాయి. బొగ్గు కరెంటు యూనిట్‌కు కిలోకు కాస్త అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలో లోహానికి కరెంటు పద్దు కిందే 13, 14 కిలోలు. అల్యూమినా తీయడం, కరెంటు పంపే కార్బన్ దిమ్మలు (ఆనోడ్లు) కాలిపోవడం దీనికి అదనం. నార్వే లాంటి చోట నీటి కరెంటుతో తీసిన లోహానికి ఇందులో మూడో వంతు కూడా ఉండదు. చూడ్డానికి రెండూ ఒకటే. పక్కపక్కన పెడితే ఎవరూ పోల్చలేరు.

కరెంటుతోనే అయిపోలేదు. టన్ను అల్యూమినియం రావాలంటే నాలుగు టన్నులకు తక్కువ కాకుండా బాక్సైట్ తవ్వాలి. దాన్ని శుద్ధి చేసేటప్పుడు ఎర్ర బురద మిగులుతుంది, గాఢమైన క్షారం అది. 2010లో హంగరీలోని అయ్కా దగ్గర ఆ బురద చెరువు కట్ట తెగి పదిమంది చనిపోయారు. మన విశాఖ మన్యంలో బాక్సైట్ కొండల కోసం గిరిజనులు ఎన్నేళ్లు పోరాడారో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తవ్వకాల అనుమతులను 2019లో ప్రభుత్వం రద్దు చేసింది. పర్యావరణానికి మేలు అని రిపోర్టులో రాసేముందు ఇవి కూడా గుర్తుండాలి.

ఇనుముతో పోల్చి చూశాం. అదే సైజు ఇనుప కిటికీ ఇరవై కిలోల పైన తూగుతుంది. ఉక్కుకు కిలోకు రెండు, రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే ఒక కిటికీకి యాభై కిలోలు. బొగ్గు కరెంటుతో తీసిన కొత్త అల్యూమినియం కిటికీకి వంద దాటుతుంది. మొదటి రోజు లెక్కలో ఇనుమే గెలుస్తుంది. దీన్ని దాచిపెట్టి క్లయింటుకు అల్యూమినియం అంటగట్టడం నాకు నచ్చదు.

మరి ఎందుకు వేశాం? మొదటి కారణం అనంతపురం నీళ్లు. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. కిటికీలకు తగిలించిన కూలర్లలోంచి అవే కారుతుంటాయి, గదులు కడిగేదీ వాటితోనే. ఇనుప కిటికీకి మూడేళ్లకోసారి గీకి రెడాక్సైడ్ కొట్టి పెయింటు వేస్తేనే నిలుస్తుంది. ట్రస్టులు ఆ పని చేయించవు, డబ్బులుండవు. వేయని పెయింటును నమ్ముకుని డిజైన్ చేయలేం. రెండో కారణం, పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే కొత్తది తీయడానికయ్యే శక్తిలో అయిదు శాతమే పడుతుంది. అది 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేరే లోహాలు కలవకపోతే ఎన్నిసార్లు కరిగించినా గుణం తగ్గదు. పూర్తిగా రీసైకిల్ చేసిన లోహం దొరికితే ఇనుముతో లెక్క మొదటి రోజే తిరగబడుతుంది.

అందుకే కొటేషన్ అడిగేటప్పుడు ధరతో పాటు మూడు విషయాలు రాసిమ్మన్నాం: బిల్లెట్ (సెక్షన్లు తీసే లోహపు దిమ్మ) ఎక్కడిది, అందులో స్క్రాప్ వంతు ఎంత, లోహంలో ఏమేం ఉన్నాయో మిల్లు రాసిచ్చే టెస్ట్ సర్టిఫికెట్ ఉందా. ఇద్దరు సప్లయర్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఒకాయన "సార్, ఇవన్నీ ఎవరడుగుతారు? గేజ్ అడగండి చాలు" అన్నాడు. గేజ్ అంటే లోహం మందం. చివరికి బెంగళూరు వైపు మిల్లు ఒకటి, సగానికి పైన స్క్రాప్ కలిపిన బిల్లెట్ అని కాగితం మీద రాసిచ్చింది. రేటులో తేడా చెప్పుకోదగ్గది కాదు.

"ఎండకు కాలదా సార్?"

హాస్టల్ వార్డెన్ మేడమ్ వేసిన ప్రశ్న ఇది. సరైన ప్రశ్నే. అల్యూమినియం వేడిని లాక్కునే లోహం. కిటికీ సెక్షన్లకు, అంటే ఫ్రేము కడ్డీలకు, వాడే 6063 మిశ్రమం యూపీవీసీ (కిటికీలకు వాడే గట్టి ప్లాస్టిక్) కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని మోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఊరు నలభై దాటుతుంటే ఫ్రేము పెనంలా కాలి గదంతా వేడెక్కుతుందని అందరూ అనుకుంటారు.

లెక్క వేసి చూపించాం. ఏసీ లేని గదిలో లోపలికీ బయటికీ తేడా అయిదారు డిగ్రీలే. నాలుగడుగుల కిటికీలో ఫ్రేము వైశాల్యం చదరపు మీటరులో పావు వంతు. ఆ తేడాతో ఫ్రేము గుండా లోపలికొచ్చే వేడి పది వాట్లకు అటూ ఇటూ, అంటే ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బంత. అదే కిటికీ అద్దం మీద సాయంత్రం నాలుగింటికి పడమటి ఎండ నేరుగా పడితే, మామూలు అద్దంలోంచి అయిదారు వందల వాట్లు గదిలోకి దిగుతాయి. ఫ్రేము గురించి వాదించుకుంటూ ఎండను లోపలికి రానిస్తున్నాం!

ఏసీ ఉంటే లెక్క వేరు. అక్కడ ఫ్రేము మధ్యలో వేడిని ఆపే పాలియమైడ్ ప్లాస్టిక్ పట్టీ ఉన్న థర్మల్ బ్రేక్ సెక్షన్ వేయాలి. ఈ హాస్టల్లో పడక గదులకు ఏసీ లేదు, పెట్టే ఆలోచన కూడా లేదు. ఆ డబ్బును ఎండ ఆపడానికి పెట్టమన్నాం. ఫ్రేముకు ముదురు బ్రౌన్ అడిగారు, తెలుపు పౌడర్ కోటింగ్‌కు ఒప్పించాం. ముదురు రంగైతే చేత్తో ముట్టుకోలేరు, అక్కడ మేడమ్ మాట అక్షరాలా నిజం.

స్లైడింగ్ బదులు బయటికి తెరుచుకునే రెక్కలు పెడితే కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, గాలి రెట్టింపు వస్తుంది. పై అంతస్తులో అలాగే చేశాం. కింద నడవ దారికి అడ్డం వస్తాయి కాబట్టి స్లైడింగే ఉంచాం.

పడమటి పలకలు

ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కనుక కొంచెం ఎక్కువ రాస్తాను.

సజ్జ ఉంది కదా, ఎండ ఎందుకు పడుతుందని అడిగారు. సజ్జ దక్షిణం గోడకు పనికొస్తుంది. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరుకల్లా సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. మే నెలలో కాస్త ఉత్తరంగా జరుగుతాడు. సాయంత్రం నాలుగింటికి పడమరకు కొద్దిగా వాయవ్యంగా, కిందికి దిగి ఉంటాడు. రెండడుగుల సజ్జ ఆ ఎండను పెద్దగా ఆపలేదు. నిలువు పలకలు కావాలి.

పలకలను గోడకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా, నైరుతి వైపు తెరుచుకునేలా తిప్పాం. మే నెల సాయంత్రపు ఎండ వాయవ్యం పక్క నుంచి వచ్చి పలక వెడల్పు మీద పడి ఆగిపోతుంది. జూన్‌లో మొదలయ్యే గాలి నైరుతి నుంచి వస్తుంది, అది సందుల్లోంచి నేరుగా గదిలోకి పోతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పేది ఆ గాలే. చలికాలంలో సూర్యుడు నైరుతికి జరిగినప్పుడు కొంత ఎండ లోపలికొస్తుంది. డిసెంబర్‌లో పిల్లలు దాన్ని వద్దనరు.

పలకలకు కొత్త లోహం ఒక్క కిలో కూడా కొనలేదు. ఊళ్లో ఒక బట్టల షోరూము రిమోడలింగ్‌లో పాత పార్టిషన్లు ఊడదీస్తున్నారు. పార్టిషన్లకు వాడేది నాలుగంగుళాల వెడల్పు, ఒకటిముప్పావు మందం ఉన్న డొల్ల సెక్షన్. మాకు కావలసిన పలక సైజు సరిగ్గా అదే. మా ఫ్యాబ్రికేటర్ భాయ్ వెళ్లి తూకం మీద, స్క్రాప్ రేటుకు కాస్త పైన ఇచ్చి తెచ్చాడు. "కొత్త మాల్ కంటే ఇదే మేలు సార్, పాతది గేజ్ గట్టిగా ఉంటుంది" అన్నాడు. కాలిపర్ పెట్టి చూస్తే నిజమే, ఇప్పుడు మార్కెట్లో అదే పేరుతో అమ్మేదాని కంటే గోడ మందం ఎక్కువ. పాత స్క్రూ రంధ్రాలు గోడ వైపుకు తిప్పి, చివరలు ప్లాస్టిక్ మూతలతో మూశాం. మూయకపోతే పిచ్చుకలకు ఇబ్బంది ఉండదు కానీ కందిరీగలు గూళ్లు పెడతాయి.

కరిగించి మళ్లీ పోయడం కంటే ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకోచోట బిగించడం ఎప్పుడూ మేలు. అయిదు శాతం శక్తి కూడా పట్టదు. లారీ డీజిల్, కోత మిషను కరెంటు, అంతే. పలకలన్నీ స్టీల్ బ్రాకెట్లకు స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాం, మధ్యలో నైలాన్ వాషర్లు వేశాం. సిలికాన్ ఎక్కడా పూయలేదు. రేపు ఇంకెవరికైనా ఇవి కావాలంటే స్పానర్ ఉంటే చాలు.

పని సగంలో ఉండగా మే నెల వచ్చింది. పలకలు పడిన గదికీ, పక్కనే ఇంకా పడని గదికీ సాయంత్రం పూట రెండు మూడు డిగ్రీల తేడా కనిపించింది. ఒకే థర్మామీటరుతో చూసిన మామూలు కొలత అది, ప్రయోగశాల లెక్క కాదు. పడని గదుల పిల్లలు మా పని ఎప్పుడని వార్డెన్ మేడమ్ ప్రాణం తీశారు.

షెడ్డు

సిమెంటు రేకులు తీసేటప్పుడు తడిపి, పగలకుండా, బోల్టు కోసి దించాలి. సుత్తితో కొడితే ఆస్‌బెస్టాస్ దుమ్ము లేస్తుంది. కూలీలకు మాస్కులిచ్చి, రేకులను ప్లాస్టిక్ షీట్‌లో చుట్టించాం.

వాటి బదులు అల్యూమినియం రేకులు. సిమెంటు రేకు చదరపు మీటరుకు పదమూడు కిలోలకు పైన తూగుతుంది, 0.7 మి.మీ. అల్యూమినియం రేకు రెండు కిలోల చిల్లర. బరువు ఇంత తగ్గడంతో రేకులను మోసే పాత ఇనుప ట్రస్సులను అలాగే ఉంచగలిగాం. లేకపోతే కొత్త ఇనుము ఒక లోడు దిగేది.

తేలిక రేకుకు గాలివాన గండం. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలికి రేకులు లేచి పక్క పొలంలో పడడం అందరూ చూసిందే. అంచుల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించాం, రబ్బరు వాషర్లతో.

ఇంకో సంగతి. మెరిసే అల్యూమినియం ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ తను పీల్చుకున్న కొద్ది వేడిని బయటికి వదలదు. అందుకే పెయింటు లేని రేకు ముట్టుకుంటే కాలుతుంది. తెల్ల పెయింటు ఎండనూ తిప్పికొడుతుంది, వేడినీ వదిలేస్తుంది. అదే పెయింటు లేని రేకు అడుగు భాగం మనకు మేలు చేస్తుంది. వేడిని వదలని గుణం వల్ల కిందికి, తినే పిల్లల నెత్తి మీదికి, సెగ తక్కువ కొడుతుంది. కాబట్టి పైన తెలుపు, కింద పెయింటు లేకుండా. కాంట్రాక్టరు ఉత్సాహంగా రెండు వైపులా పెయింటు వేయబోతుంటే ఆపాల్సి వచ్చింది.

వద్దన్నవి

టేకు కిటికీలను ముట్టుకోలేదు. గీకి, నూనె పట్టించి, కీళ్లు మార్చాం. బాగున్న టేకు తీసి అల్యూమినియం పెట్టడం ఏ లెక్కలోనూ పర్యావరణానికి మేలు కాదు.

ముందు ఎలివేషన్‌కు ఏసీపీ షీట్లు కావాలని ట్రస్టులో ఒకరు గట్టిగా పట్టుబట్టారు. ఇప్పుడు సాయినగర్ వైపు ఏ ఆసుపత్రి చూసినా, ఏ షాపు చూసినా అవే కదా. ఏసీపీ అంటే అల్యూమినియం అనుకుంటారు. అర మిల్లీమీటరు, అంతకన్నా పలచని రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ అది. విడదీసి కరిగించడం కష్టం, పైగా పాలిథీన్ ఉన్న రకం మండుతుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోవడానికి ఆ రకం షీట్లే పెద్ద కారణమని విచారణలో తేలింది. పిల్లలు పడుకునే బిల్డింగుకు నేను వేయనన్నాను. ముందు గోడకు బేతంచెర్ల నాపరాళ్లు కొంత, మిగతా పెయింటు.

యూపీవీసీ చెడ్డదని కాదు. కానీ పాత కిటికీ విరిగినప్పుడు మా ఊరి స్క్రాప్ షాపుల్లో ఎవరూ దాన్ని తీసుకోవడం నేను చూడలేదు. అల్యూమినియం ముక్కకైతే ఇనుము కంటే నాలుగైదు రెట్ల రేటు పలుకుతుంది, పాత సిల్వర్ గిన్నెల్లాగే ఎవరూ పారేయరు.

సైటులో జరిగింది

అల్యూమినియానికి తడి సిమెంటు పడదు. అది క్షారం, ఆనోడైజింగ్‌ను, అంటే లోహం మీద కరెంటుతో పెంచిన రక్షణ పొరను, తినేస్తుంది. ప్లాస్టరింగ్ అంతా అయ్యాకే కిటికీలు బిగించాం, టేపు తీయొద్దని మేస్త్రీకి చెప్పాం. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా, బాత్రూముల టైల్స్ వేసిన బ్యాచ్ వెళ్లే ముందు నేల మరకలు పోవాలని ఆసిడ్ పోసి కడిగింది. వెంటిలేటర్లు మూసే ఉన్నాయి, ఆసిడ్ ఆవిరి లోపలే ఉండిపోయింది. తెల్లారేసరికి ఆరు వెంటిలేటర్ల ఆనోడైజ్డ్ ఫ్రేములు బూజు పట్టినట్టు తెల్ల మచ్చలతో నిండిపోయాయి. తుడిస్తే పోవు. పొరే పోయింది కనుక. ఆ ఫ్రేములు విప్పి పౌడర్ కోటింగ్‌కు పంపాం, డబ్బు టైల్స్ కాంట్రాక్టరు బిల్లులో కోశాం. ఇప్పుడు మా స్పెసిఫికేషన్లో అల్యూమినియం పేజీలో కాదు, టైల్స్ పేజీలో రాస్తున్నాం: 'ఆసిడ్ నిషేధం'.

తుక్కు ఎటు పోయింది

ఫ్యాబ్రికేషన్‌లో కోత ముక్కలు ఎప్పుడూ మిగులుతాయి. మామూలుగా అన్నీ ఒకే గోనె సంచిలో పడతాయి: సెక్షన్ ముక్కలు, ఇనుప స్క్రూలు, రబ్బరు గ్యాస్కెట్, జాలి. అలా కలిసిన తుక్కు కరుగుతుంది కానీ మళ్లీ కిటికీ సెక్షన్ కాలేదు. 6063 మిశ్రమంలో ఇనుము 0.35 శాతం మించకూడదు. గుప్పెడు స్క్రూలు కరిగితే చాలు, ఆ హద్దు దాటిపోతుంది. అప్పుడది ఇంజన్ భాగాల పోతకో, ఇంకో చౌక పోతకో పోతుంది. వృథా కాదు, కానీ మిల్లు వాడు తనకు కావలసిన శుభ్రమైన లోహం కోసం మళ్లీ స్మెల్టర్ దగ్గరికే వెళ్తాడు.

భాయ్‌తో మాట్లాడి రెండు డ్రమ్ములు పెట్టించాం. ఒకదాంట్లో సెక్షన్ ముక్కలు మాత్రమే, పౌడర్ కోటింగ్ ఉన్నా పర్వాలేదు, కొలిమిలో కాలిపోతుంది. రెండోదాంట్లో మిగతావన్నీ. శుభ్రమైన డ్రమ్ముకు కిలో మీద మంచి రేటే వచ్చింది. ఆ తేడా చూశాక తన షాపులో కూడా అలాగే పెట్టుకున్నాడు, నేను చెప్పకుండానే.

హాస్టల్ ఆఫీసులో ఒక ఫైలు ఉంచాం: ఏ కిటికీలో ఏ సెక్షన్, ఏ మిశ్రమం, ఏ సైజు గ్యాస్కెట్, ఏ రోలర్. లోహం కంటే ముందు పోయేవి రబ్బరూ రోలర్లే. అవి దొరక్క మంచి ఫ్రేములను పీకేసిన బిల్డింగులు చూశాను.

మిగిలింది పై అంతస్తులో కంప్యూటర్ ల్యాబు. దానికి ఏసీ పెడతామంటున్నారు. అక్కడ థర్మల్ బ్రేక్ సెక్షన్లా, లేక కిటికీలు తగ్గించి ఆ జాగాను ఇటుకతో మూసేయడమా అన్నది ట్రస్టు మీటింగులో తేలాలి. నేను మూసేయమనే చెప్పాను.